కళ్ళద్దాలు తీసే సీను

కృష్ణప్రసాద్ గారు మా తెలుగు సంఘానికి అధ్యక్షుడైన రోజే నేను కల్చరల్ కమిటీలోంచి బయటికొచ్చి ఉండాల్సింది. రాలేదు. ఆ తప్పు నాదే, ఎవరి మీదా నెట్టను.

మనిషి చెడ్డవాడని అనలేను. బ్యాంకులో పెద్ద హోదా, అయినా ఎదురుపడితే ముందు ఆయనే నమస్కారం పెడతారు. ఆయనకున్న పిచ్చల్లా పాత హాలీవుడ్ మ్యూజికల్ కామెడీలు. నలుపు తెలుపువీ, రంగులు కొత్తగా వచ్చినప్పటివీ, వందల కొద్దీ దాచుకున్నారు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం మమ్మల్నందరినీ వాళ్ళ కాండోలోని ఫంక్షన్ రూముకి పిలిచి, ప్రొజెక్టర్ పెట్టి, గంటసేపు ముక్కలు ముక్కలుగా చూపించారు. "ఈసారి వార్షికోత్సవానికి మనం వేసేది ఇదే. తెలుగు డైలాగులు, తెలుగు పాటలు, స్టైల్ మాత్రం అచ్చంగా వాళ్ళది. సింగపూర్‌లో ఇంతవరకూ ఎవరూ వెయ్యలేదు" అన్నారు.

మొదటి పది నిమిషాలు నాకూ బాగానే ఉంది. ఆ మెట్లూ, ఆ గౌన్లూ, తెర నిండా అమ్మాయిలు ఒకేసారి ఒకే కాలు ఎత్తడమూ చూస్తే ఎవరికైనా బాగుంటుంది. ఆ తర్వాత మొదలైంది నాకు వెగటు. అంతమంది అమ్మాయిల్లో ఒక్కదానికీ పేరు లేదు. పేరున్నదానికి బుర్ర లేదు. బుర్ర ఉన్నదానికి మొగుడు దొరకడు, దొరికేదాకా కథ అవదు. ఒక సినిమాలో నాయిక చక్కగా పత్రికలో ఉద్యోగం చేస్తుంటుంది, గంటన్నర పాటు అందరికంటే తెలివిగా మాట్లాడుతుంది. చివరి ఐదు నిమిషాల్లో హీరో ఆమెను ఒళ్ళో బోర్లా పడుకోబెట్టి చిన్నపిల్లను కొట్టినట్టు కొడతాడు. ఆమె లేచి వాడి మెడ చుట్టూ చేతులు వేస్తుంది. రూములో అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాననుకుంటా. పక్కవాళ్ళు నవ్వుతుంటే ముఖం దానంతటదే అలా అయిపోతుంది.

తర్వాత తెల్ల బోర్డు మీద పాత్రలు రాశారు. మగవాళ్ళకి రాజా, గోపి, మేనేజర్ మూర్తి. ఆడవాళ్ళకి టైపిస్టు, బుర్ర తక్కువ అందగత్తె, డబ్బున్నవాడి కోసం వలేసే స్నేహితురాలు, సణిగే పెళ్ళాం.

"వీళ్ళకి పేర్లేవండీ?" అని అడిగాను.

"పేర్లెందుకు అరుణశ్రీ గారూ! చూడగానే ఎవరో తెలిసిపోతుందిగా" అన్నారు ఆయన, మార్కరు మూత పెడుతూ.

అదే రోజు వాట్సాప్‌లో మకాన్ రోస్టర్ కూడా తయారైంది. రిహార్సల్స్‌కి ఎవరు ఏ ఆదివారం తిండి తేవాలో ఆ పట్టికలో ఉంది. పది పేర్లూ ఆడవాళ్ళవే. బోర్డు మీద మాకు దొరకని పేర్లు పులిహోర దగ్గర దొరికాయి. నాకు ఒళ్ళు మండింది. మండినా నా పేరు ఎదురుగా దద్దోజనం అని రాశాను.

టైపిస్టు వేషం మా అమ్మాయి నిఖిలకి వచ్చింది. దానికి పంతొమ్మిదేళ్ళు, యూనివర్సిటీలో మొదటి సంవత్సరం. ఆరేళ్ళ వయసు నుంచీ కళ్ళద్దాలే. సైటు మైనస్ తొమ్మిది. అద్దాలు తీస్తే చాచిన చెయ్యి కనపడుతుంది కానీ ఆ చేతికి వేళ్ళు కనపడవు. రెండేళ్ళ కిందట కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని కన్ను వాచిపోయి వారం రోజులు ఏడ్చింది. ఇక వాటి జోలికి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. కృష్ణప్రసాద్ గారికి అవేవీ తెలియవు. "నేచురల్‌గా సోడాబుడ్డి అద్దాలు! మేకప్ పని కూడా లేదు" అని ఆయన మురిసిపోయారు. ఆయన కొడుకు ఆకాష్ హీరో. సైన్యంలో నేషనల్ సర్వీస్ ముగించుకొచ్చాడు, ఇంకా జుట్టు పూర్తిగా పెరగలేదు. మా ఆయన సీతారామారావుకి సణిగే పెళ్ళాం వేషం. మగవాడు చీర కట్టుకుంటేనే నవ్వు పండుతుందట.

కథ చెప్పనక్కర్లేదు గానీ చెబుతాను. రాజా ఆఫీసులో టైపిస్టు ఉంటుంది. పని బ్రహ్మాండంగా చేస్తుంది, ఎవడూ తలెత్తి చూడడు. ఒక రోజు రాజా ఆమె కళ్ళద్దాలు తీసేస్తాడు, కొప్పులో పిన్ను లాగేస్తాడు. అంతే, అప్సరస! అద్దాల్ని చెత్తబుట్టలోకి విసిరేస్తాడు. ఆమె నవ్వుతూ స్టేజీ అంతా తిరిగి పాట పాడుతుంది. చివర్లో టైపు మిషను మీద గుడ్డ కప్పేసి పెళ్ళిపీటల మీదికి వెళ్ళిపోతుంది.

మా నాటికలకి ఒక పద్ధతుంది. హాల్లో సరిగా పనిచేసే మైకులు రెండే ఉంటాయి, మాట్లాడేవాళ్ళు పదిమంది. అందుకని డైలాగులూ పాటలూ అన్నీ ముందే రికార్డు చేసి, స్టేజీ మీద పెదాలు కదుపుతాం. ట్రాక్ ఒకసారి మొదలైతే ఎవరు మరిచిపోయినా, ఎవరు తడబడినా అది ఆగదు, మనమే పరిగెత్తి అందుకోవాలి. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను కాబట్టి ఆ రికార్డింగ్ పని ఏటా నాకే అంటగడతారు.

నిఖిల గొంతు మా ఇంట్లోనే రికార్డు చేశాను. బయటి చప్పుడు పడకుండా దాన్ని బీరువా తలుపుల మధ్య, నా చీరల్లో ముఖం పెట్టించి నిలబెట్టాను. అద్దాలు తీశాక వచ్చే నవ్వు దానికి సరిగా రాలేదు. "ఇంకాస్త సిగ్గు పడాలి. ఇంకొంచెం గలగలా" అని నేనే చెప్పాను. తొమ్మిది సార్లు నవ్వించాను. తొమ్మిదోది బాగా వచ్చింది.

మూడో రిహార్సల్‌లో మొదటిసారి అద్దాలు తీసే సీను చేశారు. ఆకాష్ వాటిని జాగ్రత్తగా మడిచి బుట్టలో పెట్టబోతే వాళ్ళ నాన్న ఆపారు. "విసురు బాబూ! విసిరితేనే ఎఫెక్టు." విసిరాడు. అవి దాని సొంత అద్దాలు. నాటకం కోసం వేరేవి కొనాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు, నాకూ రాలేదు. కృష్ణప్రసాద్ గారి భార్య హైమావతి గారు నిఖిల జడ విప్పి భుజాల మీద వేసింది. అందరూ "అబ్బ!" అన్నారు. "ఇంత అందం ఎక్కడ దాచావే పిల్లా" అంది ఒకావిడ. "ఇన్నేళ్ళూ మనకి తెలియనే లేదు" అన్నాడు ఇంకొకాయన. ఇన్నేళ్ళంటే పదమూడేళ్ళు. పదమూడేళ్ళుగా వాళ్ళ పిల్లల పుట్టినరోజులకి వెళ్ళింది, వాళ్ళ పిల్లలకి లెక్కలు చెప్పింది. అద్దాలు తీసేదాకా అక్కడ మనిషి లేనట్టే!

అది అటూ ఇటూ చూసి నవ్వింది. ఎవరివైపు చూసి నవ్వుతోందో దానికే తెలియదని నాకు తెలుసు. అయినా ముఖం వెలిగిపోయింది. అంత వెలుగు దాని ముఖంలో నేను ఎప్పుడూ చూడలేదు. నేను కూడా అన్నాను, "ఎంత బాగున్నావే" అని.

తర్వాతి వారం అది యూనివర్సిటీకి వెళ్ళాక చూస్తే కళ్ళద్దాలు భోజనాల బల్ల మీద ఉన్నాయి. మరిచిపోయిందేమోనని ఫోన్ చేశాను. "మర్చిపోలేదమ్మా. ఐ కెన్ మేనేజ్ లా" అంది. ఆ సాయంత్రం గంట ఆలస్యంగా వచ్చింది. మేముండే బుకిట్ పంజాంగ్‌లో ఎల్ఆర్‌టీ రైళ్ళు రెండు దారుల్లో తిరుగుతాయి. బోర్డు చదవకుండా ఎక్కితే ఇంటికి రావలసినవాళ్ళం ఊరంతా చుట్టొస్తాం. అది తప్పు రైలే ఎక్కింది. అందరం నవ్వుకున్నాం. మరునాడు దాని మోకాలి కింద అరచేయంత కమిలిపోయి ఉంది. బస్ స్టాప్‌లో బెంచీ కొట్టుకుందట. ఆ తర్వాత శుక్రవారం మా బ్లాక్ కింద సిగ్నల్లో పచ్చ మనిషి బొమ్మ వెలిగిందో ఎర్ర బొమ్మ వెలిగిందో తెలియక పక్కవాళ్ళ అడుగుల చప్పుడు విని రోడ్డు దాటిందని, ఏదో ఘనకార్యంలా చెప్పింది.

ఇక నవ్వు రాలేదు. "నీకేమైనా మతి పోయిందా? కారు గుద్దితే?" అని అరిచాను.

అది తాపీగా అంది. "ఫస్ట్ టైం క్లాస్‌లో ఒకబ్బాయి వచ్చి నా పేరు అడిగాడమ్మా. ఆగస్టు నుంచీ వాడి వెనక బెంచీలోనే కూర్చుంటున్నాను."

డెబ్బై ఏళ్ళ కిందట ఎక్కడో ఎవడో చుట్ట కాలుస్తూ రాసిన చెత్త, సముద్రాలు దాటి వచ్చి మా ఇంట్లో నా కూతురి ముఖం మీదినుంచి అద్దాలు లాగేసింది. ఎవడో ఏమిటి, నేను కాదూ? నా పెళ్ళిచూపులప్పుడు మా అమ్మ నా కళ్ళజోడు లాక్కుని బియ్యం డబ్బా మీద పెట్టింది. కాఫీ పెళ్ళికొడుక్కి ఇవ్వాల్సింది పోయి ఆయన బాబాయికి ఇచ్చాను. అందరూ ఒకటే నవ్వు. మా ఆయన ముఖం నేను సరిగ్గా చూసింది పెళ్ళైన మర్నాడు. ఇన్నేళ్ళూ ఆ ముచ్చట నేనే పదిమందికి నవ్వుతూ చెప్పాను, నిఖిలకి కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత పుడుతోంది.

మరుసటి ఆదివారం దద్దోజనం గిన్నె కింద పెట్టి నేరుగా కృష్ణప్రసాద్ గారి దగ్గరికే వెళ్ళాను. "పాటలో నిఖిల అద్దాలు పెట్టుకునే ఉంటుందండీ. దానికి ఏమీ కనపడదు. స్టేజీ మీద పడిపోతుంది" అన్నాను.

ఆయన నా మాట చాలా ఓపిగ్గా విన్నారు. ఆ ఓపిక చూస్తేనే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అద్దాలతోనే అందంగా ఉంటే ఇంక కథెక్కడుందమ్మా? మార్పు ఉండాలి కదా! ఇది కామెడీ అరుణశ్రీ గారూ, మీరు మరీ సీరియస్‌గా తీసుకుంటున్నారు."

"ఒక్క నాలుగు నిమిషాల పాటేగా" అంది హైమావతి గారు, పేపర్ ప్లేట్లు పరుస్తూ. "స్టేజీ మీద తెల్ల టేపు అతికిద్దాం. ఆడపిల్ల, ఆ మాత్రం సర్దుకోలేదా?"

మా ఆయన వంక చూశాను. ఆయన నా ఆకుపచ్చ చీర కట్టుకుని, జాకెట్లో రెండు బెలూన్లు పెట్టుకుని, "ఏమండీ, గ్యాస్ కట్టేశారా? ఏమండీ, ఫ్యాన్ కట్టేశారా?" అని ప్రాక్టీసు చేస్తున్నారు. ఆ సాగదీత నాదే. పొద్దున్నే నేను అన్న మాటలే. చుట్టూ ఉన్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

వెనకనుంచి నిఖిల వచ్చి నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "అమ్మా, ప్లీజ్. చెడగొట్టకు. నేను అడుగులు లెక్కపెట్టుకున్నాను. ఎనిమిది ముందుకి, ఒక టర్న్, ఐదు పక్కకి. నాకు చూడక్కర్లేదు." నా చెయ్యి వదిలేసి, "వాళ్ళు నన్ను చూస్తే చాలు" అంది.

ఆ మాటకి నేను దాన్ని ఇంటికి లాక్కుపోయి ఉండాల్సింది. వెళ్ళి దద్దోజనం వడ్డించాను. పదిమందిలో గొడవెందుకని, దాని సంతోషం పాడుచెయ్యడం ఎందుకని, ఇన్ని వారాల కష్టమని, నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

వార్షికోత్సవం ఒక ఆదివారం మధ్యాహ్నం. జురాంగ్ వెస్ట్‌లో ఒక హాలు తీసుకున్నారు. నాలుగు వందల మంది వచ్చారు. ముందు వరసల్లో కుర్చీల మీద చున్నీలూ టిష్యూ ప్యాకెట్లూ పెట్టి, ఇక్కడి మాటలో చోప్ చేసి, సీట్లు పట్టుకున్నారు. నేను స్టేజీ కింద ఒక మూల సౌండ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. నాటికకి ముందు స్పాన్సర్లకి సన్మానం జరిగింది. అది అవ్వగానే కృష్ణప్రసాద్ గారు స్టేజీ మీదికెళ్ళి సెట్టు చూసి ముఖం చిట్లించారు. టైపిస్టు బల్ల స్పాన్సరు బ్యానర్‌కి అడ్డం వస్తోందట. ఇద్దరు వాలంటీర్లు ఆ బల్లని రెండడుగులు పక్కకి జరిపారు. నేను చూశాను. వైర్లు సరిచూసుకునే హడావుడిలో అది ఎక్కడికి జరిగిందో పట్టించుకోలేదు. నిఖిల అప్పటికి లోపల ముస్తాబవుతోంది. దానికి ఎవరూ చెప్పలేదు, స్టేజీ లైట్లలో ఆ రెండడుగుల తేడా అద్దాలున్నప్పుడూ అది గమనించి ఉండదు.

నాటిక మొదలైంది. మా ఆయన చీర కుచ్చిళ్ళు పట్టుకుని రాగానే హాలు దద్దరిల్లింది. బుర్ర తక్కువ అందగత్తెకి ఈలలు పడ్డాయి. తర్వాత ఆ సీను వచ్చింది. ఆకాష్ అద్దాలు తీశాడు, పిన్ను లాగాడు, అద్దాల్ని దూరంగా ఉన్న బుట్టలోకి విసిరాడు. జుట్టు భుజాల మీద పడగానే నాలుగు వందల మంది "ఓ..." అన్నారు. స్పీకర్లలో నేను రికార్డు చేసిన తొమ్మిదో నవ్వు మోగింది. నిఖిల చేతులు చాచి, ముఖం పైకెత్తి, ఎనిమిది అడుగులు లెక్కపెడుతూ ముందుకొచ్చింది.

ఆరో అడుగులో బల్ల తగిలింది. బల్లా, టైపు మిషనూ, అదీ కలిసి పడ్డాయి.

హాలంతా ఒక్కసారిగా గొల్లున నవ్వింది. అది నాటకంలో భాగమే అనుకున్నారు. వెనక వరసల్లోంచి చప్పట్లు కూడా మొదలయ్యాయి. "టైమింగ్ చూశారా!" అని నా వెనకే ఎవరో అన్నారు. నిఖిల మోకాళ్ళ మీద లేచి చేతులతో నేలంతా తడుముతోంది. అది తడుముతున్నకొద్దీ వీళ్ళు ఇంకా నవ్వుతున్నారు. అది కూడా తల హాలు వైపు తిప్పి నవ్వబోయింది. పైన స్పీకర్లలో దాని గొంతు హాయిగా పాడుతూనే ఉంది, "ఇన్నాళ్ళూ ఎందుకు దాచానీ అందం" అని. ఆకాష్ తన టేపు గుర్తు మీదే నిలబడి, కళ్ళు పెద్దవి చేసి దానివైపు చూస్తూ, పెదాలు మాత్రం పాటకి కదుపుతున్నాడు. ట్రాక్ ఆగదు కదా!

నేను ఆపేశాను.

నవ్వు కాసేపు సాగి, తర్వాత తెలివి వచ్చినట్టు సన్నగిల్లింది. నేను మెట్లెక్కి వెళ్ళి, చెత్తబుట్టలోంచి అద్దాలు తీసి, కొంగుతో తుడిచి దాని ముఖానికి పెట్టాను. మోచెయ్యి గీరుకుపోయి రక్తం కారుతోంది. అది ముందు నన్ను చూసింది, తర్వాత పడి ఉన్న బల్లని చూసింది, తర్వాత హాలు వైపు తిరిగింది.

"అమ్మా," అంది మెల్లగా, "వాళ్ళు అంతసేపు నవ్వింది నేను పడిపోయినందుకా?"

"అవునమ్మా."

"చప్పట్లు కూడానా?"

"చప్పట్లు కూడా."

"ఐ థాట్ దే లైక్డ్ మీ" అంది.

ఈలోపు కృష్ణప్రసాద్ గారు నా కుర్చీ దగ్గరికి వచ్చేశారు. మైకు తీసుకుని, "ఏం కాలేదు, ఏం కాలేదు! అమ్మాయి లేచింది. షో మస్ట్ గో ఆన్! ఒకసారి గట్టిగా చప్పట్లు" అని లాప్‌టాప్ మీట నొక్కారు. పాట ఆగిన చోటినుంచి మళ్ళీ అందుకుంది. నేను పక్కకి రమ్మని నిఖిల చెయ్యి పట్టుకున్నాను. అది విడిపించుకుంది.

నడిచి స్టేజీ అంచుదాకా వెళ్ళింది. ఈసారి అడుగులు లెక్కపెట్టుకోలేదు. అక్కడ చేతులు కట్టుకుని నిలబడింది. దాని గొంతు పాడుతోంది, సిగ్గుపడుతోంది, గలగలా నవ్వుతోంది. దాని పెదాలు మాత్రం బిగించి ఉన్నాయి. రెండు లైన్ల తర్వాత ఆకాష్ కూడా నోరు మూసుకున్నాడు. నిఖిల మొదటి వరసలో ఎడమ చివరనుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క ముఖాన్నే చూసుకుంటూ పోయింది. లెక్కలు చెప్పించుకున్న పిల్లల తల్లులూ, "ఎక్కడ దాచావే పిల్లా" అన్నావిడా, ఎవరి వంతు వస్తే వాళ్ళు కాళ్ళ వైపో ఫోను వైపో చూపు తిప్పుకున్నారు. తెర పక్కన మా ఆయన నా చీరలో బిక్కచచ్చిపోయి నిలబడ్డారు. ఆయన్నీ చూసింది. కృష్ణప్రసాద్ గారిని చూసింది.

చివరికి నా వైపు తిరిగింది. పైన తొమ్మిది సార్లు నేను చెప్పి చెప్పి తెప్పించిన నవ్వు ఇంకా మోగుతూనే ఉంది. అమ్మను కదా, నా దగ్గరకొచ్చేసరికి ఆ చూపు కాస్త మెత్తబడుతుందేమోనని ఎదురుచూశాను. వాళ్ళందరినీ ఎలా చూసిందో నన్నూ అలాగే చూసింది.